కీచురాళ్ళు పాడే ఇంటిపేరు

పోయిన నెల నారాయణగూడలో మా స్టీలు సామాన్ల దుకాణానికి సున్నం వేయిద్దామని అటక ఖాళీ చేయిస్తే పేర్ల నోటుబుక్కు దొరికింది. ఇప్పటి పిల్లలకు దీని సంగతి తెలియదు కాబట్టి చెప్తున్నాను. అప్పట్లో ఎవరు బిందె కొన్నా, పళ్ళాల సెట్టు కొన్నా, దాని మీద పేరు కొట్టించుకోకుండా దుకాణం మెట్టు దిగేవారు కాదు. పెండ్లికి ఇచ్చే సామాను మీద ఇచ్చినవాళ్ళ పేరు, ఇంట్లోకి కొన్నదాని మీద ఇంటాయన పేరు. ఒక్క అక్షరం తప్పు పడినా గిన్నె మన మొహాన కొట్టి పోతారు గనుక, ముందు వాళ్ళ చేత్తోనే నోటుబుక్కులో రాయించుకొని, ఆ రాత ఎదురుగా పెట్టుకొని నేను మిషన్ పట్టేదాన్ని. మిషన్ గుర్రుమనే చప్పుడు, వేడెక్కిన స్టీలు వాసన, సామాను చుట్టి వచ్చే గడ్డి వాసన, పక్క హోటల్ నుంచి తేలివచ్చే చాయ్ వాసన. నా ఇరవై ఏండ్ల వయసు అంటే నాకివే గుర్తు. చదివింది బీకాం, వచ్చింది బేరం. మంచి గిన్నెను మామూలు గిన్నెలాగా, మామూలు గిన్నెను మంచి గిన్నెలాగా ఏ కస్టమర్ మొహానికి ఎట్లా చెప్పాలో నాకు తెలుసని నా గర్వం. ఆ గర్వం ఒకసారి నన్ను ఎంత పరేషాన్ చేసిందో ఆ నోటుబుక్కులో ఒక పేజీ చూడగానే యాదికొచ్చింది. కొత్తపల్లి వాళ్ళు, చింతల వాళ్ళు, గాజుల వాళ్ళు అని వరసగా పోతున్న పేర్ల నడుమ, ఇంగ్లీషు అక్షరాల్లో, నీలం సిరాతో, గుండ్రటి రాతలో షాంత్‌గ్రెల్ అని ఉంది.

ఆ ఇంటిపేరు మాకు కొత్తది కాదు. చిక్కడపల్లిలో మా ఇంట్లోనే ఒక షాంత్‌గ్రెల్ ఉండేవాడు. మర్సెల్ అన్న. మా రక్తం కాదు. వాళ్ళ పూర్వీకుడెవరో ఫ్రాన్సు నుంచి ఓడెక్కి పాండిచ్చేరికి వచ్చాడట, తాత అక్కడి నుంచి కాచిగూడకు రైల్వే పనికి వచ్చాడట. తండ్రి టైపు మిషన్లు బాగుచేసేవాడు, మా ఇంటి వెనక గదిలో కిరాయికి ఉండేవాడు. తల్లి ముందే పోయింది. పిల్లవాడికి ఎనిమిదేండ్లప్పుడు తండ్రి కామెర్లతో పోయాడు. ఎవరైనా చుట్టాలు వస్తారేమోనని మా బాపమ్మ, అంటే మా నాన్న తల్లి, పన్నెండు రోజులు చూసింది. ఎవరూ రాలేదు. పదమూడో రోజు పిల్లవాడి పరుపు చుట్ట వెనక గది నుంచి తెచ్చి తన మంచం పక్కన పరిచింది. అంతే, దత్తత కాగితం లేదు, ఏమీ లేదు. పోయేముందు తండ్రికి ఇచ్చిన మాట ప్రకారం ప్రతి ఆదివారం తానే లేపి తల దువ్వి, "లేవురా, మీ దేవుడు ఎదురు సూస్తుండు" అని చర్చికి పంపేది. వాడొచ్చేదాకా టిఫిన్ ఎవరికీ పెట్టేది కాదు. నేను పుట్టేసరికే ఆయన ఆ ఇంటి మనిషి. నాకు లెక్కలు నేర్పిందీ, అబద్ధం చెప్తే చెవి మెలిపెట్టిందీ ఆయనే. పెద్దయ్యాక అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో, జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండి సర్కారు కొలువుల కోసం చదివే పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవాడు.

బంద్‌లు ఎక్కువైన రోజులవి. ఒక బంద్ పొద్దున, షట్టరు సగం దించుకొని కూర్చున్నాం నేనూ మర్సెల్ అన్నా. బంద్ ఉన్ననాడు ఆయనకు క్లాసులుండవు, దుకాణంలోకి వచ్చి పేపరు చదువుతాడు. షట్టరు కింది నుంచి రెండు చెప్పులు, వాటిపైన ఎండకు ఎర్రబడ్డ కాళ్ళు కనిపించాయి. వంగి లోపలికి వచ్చింది ఒక తెల్లమ్మాయి. నేను అన్నీ మరిచిపోయి కస్టమర్ అనుకున్నాను. టిఫిన్ డబ్బా చూపించాను, మూత తీసి గోటితో కొట్టి చప్పుడు వినిపించాను. పాపం ఆ అమ్మాయి మర్యాదకు కొనుక్కుంది. పేరు కొట్టాలి, రాయమని నోటుబుక్కు తోశాను. రాసింది. నేను చూసి నవ్వాను.

"మేడమ్, మీ పేరు రాయాలె. ఇది మా అన్న పేరు," అన్నాను నాకొచ్చిన ఇంగ్లీషులో.

"ఇది నా పేరే. మీ అన్న కోసమే వచ్చాను," అంది ఆమె.

మర్సెల్ అన్న పేపరు కిందికి దించాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తప్పిపోయిన సామాను రైల్వే ఆఫీసులో దొరికినప్పుడు మనుషులు ఎట్లా చూస్తారో అట్లా.

పేరు ఎలోడీ. వాళ్ళ దేశంలో బడిపంతులమ్మ. ఆమె చిత్రమైన పని ఒకటి పెట్టుకుంది. షాంత్‌గ్రెల్ అనే ఇంటిపేరు ఉన్నవాళ్ళు ఈ భూమ్మీద ఎంతమంది మిగిలారో ఒక్కొక్కరినీ వెతికి రాసుకుంటోంది. ఫ్రాన్సులో చాలా జిల్లాల్లో ఒక్కరు కూడా లేరట. ఆడపిల్లలు పెండ్లయి పేరు మార్చుకున్నారు, మొగపిల్లలు యుద్ధాల్లో పోయారు, ఉన్నవాళ్ళు ముసలివాళ్ళు. అందరినీ ఎక్కిస్తే ఒక సిటీ బస్సు నిండితే గొప్ప అంది. కోచింగ్ సెంటర్ వాళ్ళు ఇంటర్నెట్‌లో పెట్టిన పంతుళ్ళ పేర్లలో ఈ పేరు చూసి, ముందు నమ్మక, తర్వాత నమ్మి, వాళ్ళకు జూలై, ఆగస్టుల్లో ఇచ్చే వేసవి సెలవులన్నీ పెట్టుకొని వచ్చేసింది. బంద్ సంగతి ఆమెకేం తెలుసు. అశోక్‌నగర్ దాకా పోతే తాళం. వాచ్‌మన్ మా దుకాణం దారి చెప్పాడట.

లాడ్జిలో ఉంటానంది. మా పైన గది ఖాళీగా ఉండగా లాడ్జి ఎందుకని నాకు పట్టుదల వచ్చింది. కాని బాపమ్మను ఒప్పించాలి. ఆమె గది ఇవ్వాలంటే కిరాయిదారు మూడు తరాల చరిత్ర అడుగుతుంది. నేను మంచి సరుకు అమ్మినట్టే మొదలుపెట్టాను.

"బాపమ్మా, ఒక్కటే ఇంటిపేరు. లోకం మొత్తంల ఈ పేరు ఒక బస్సుల పట్టేంత మందికే ఉన్నదట. అంత తక్కువ ఉన్నరంటే అందరు ఒక్క ఇంటోళ్ళే గదా? మన మర్సెల్ అన్నకు ఇన్నేండ్లకు చెల్లె దొరికింది. చెల్లెను లాడ్జికి పంపుతమా?"

బాపమ్మ పప్పు చాట పక్కకు పెట్టింది. కండ్లలో నీళ్ళు తిరిగాయి. "వీనికెవరు లేరనుకున్న. దేవుడు సూపెట్టిండు," అంటూ పైకి పోయి తానే గది ఊడ్చింది. కిరాయి మాట ఎత్తితే నన్ను చీపురుతో బెదిరించింది. ఆ రోజు నా అంత తెలివైనదాన్ని నేనే చూడలేదు.

ఆ నెలా నెలన్నర మా ఇల్లు ఎట్లా నడిచిందో తలచుకుంటే ఇప్పటికీ మొహం మీదికి నవ్వొస్తుంది. తెల్లవారంగనే బాపమ్మ వాకిట్లో చల్లే నీళ్ళ చప్పుడుకు ఎలోడీ లేచి వచ్చేది. ముగ్గు వేయబోయి మూడు రోజులు పిండి పారబోసింది. నాన్న దుకాణానికి పోయేముందు రేడియో ఎంత పెద్దగా పెట్టేవారంటే ఆమె తెలుగు నేర్చుకోవడం అక్కడ మొదలైంది. మిగతాది గిన్నెల మీద నేర్చుకుంది. ప్రతి శుక్రవారం బాపమ్మ తన ఇత్తడి సామానంతా పెరట్లో దించి, చింతపండూ బూడిదా కలిపి తోమేది. మనవరాలు స్టీలు దుకాణంలో కూర్చున్నా ఆమె స్టీలును సామానుగా లెక్కపెట్టలేదు. ఎలోడీ పక్కన పీట వేసుకొని తోముతూ, వాటి మీది పేర్లు చుక్కచుక్కగా కూడబలుక్కునేది. పేర్ల పిచ్చి గదా, కనబడ్డవన్నీ తన పుస్తకంలో రాసుకునేది కూడా. బాపమ్మకు ఆ పేరు నోరు తిరగక ఎల్లమ్మా అని పిలిచేది. ఎల్లమ్మ పలికేది.

మధ్యాహ్నాలు మర్సెల్ అన్నా ఆమే కలిసి పాత కాగితాలు చూసేవారు. వాళ్ళ రెండు వంశాలు ఎక్కడ కలుస్తాయో కనుక్కోవాలని. అన్న దగ్గర తాతముత్తాతల కాగితాలు మొత్తం మూడే ఉన్నాయి. ఆ మూడు కాగితాలు చదవడానికి ఐదు వారాలు పట్టింది. ఎన్నడూ ఇంట్లో మధ్యాహ్నం తిననివాడు అశోక్‌నగర్ నుంచి ఎండలో నడిచి భోజనానికి రావడం, వారంలో ఒక్కసారి ఇస్త్రీ చేసుకునేవాడు రోజూ చేయడం నేను చూశాను. చూసి కూడా నాకు అర్థం కాలేదు. కస్టమర్ మొహం చూసి జేబులో ఎంతుందో చెప్తానని పేరున్నదాన్ని!

రాఖీ పండుగ వచ్చింది. బాపమ్మ పొద్దున్నే కోఠికి పోయి వెండి పూల రాఖీ తెచ్చింది. పళ్ళెంలో కుంకుమ, మిఠాయి పెట్టి, ఎలోడీకి బొట్టు పెట్టి, పళ్ళెం చేతికిచ్చింది. "పో బిడ్డా, మీ అన్నకు కట్టు. ఇన్నేండ్లు వాని చెయ్యి ఉత్తగ ఉండె." ప్రతి ఏడూ నేను కడతానన్నా, రాఖీ సొంత చెల్లే కట్టాలన్నది ఆమె పట్టు.

నేను ఎలోడీకి ఇంగ్లీషులో అర్థం చెప్పాను, దీన్ని కడితే ఈ జన్మకు అన్నాచెల్లెళ్ళు అని. ఎలోడీ మొహం సున్నం వేసిన గోడలా తెల్లబడింది. మర్సెల్ అన్న రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నాకు క్లాసున్నది," అన్నాడు.

"పండుగ నాడు ఏం క్లాసురా?" అంది బాపమ్మ.

"ఎక్స్‌ట్రా క్లాసు." చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలో పడ్డాడు. వెనక నేను ఉరికాను. సందు మలుపులో పాల బూతు దగ్గర పట్టుకున్నాను.

"అన్నా, సిగ్గు లేదా, రాఖీకి భయపడి ఉరుకుతవా?"

"లతా," అన్నాడు, "నేను ఆమెను లగ్గం చేస్కుంటానంటే ఆమె ఒప్పుకున్నది. ఇయ్యాల బాపమ్మకు చెప్పాలనుకున్న. గంతల పళ్ళెం తెచ్చింది. చెల్లె అని ఆమె బుర్రల వేసిందెవరు?"

నేను పాల బూతు అరుగు మీద కూర్చున్నాను. అమ్మింది నేనే గదా.

బాపమ్మ ఒప్పుకోకుండా చేసుకునే మనిషి కాదు మర్సెల్ అన్న. ఆ సంగతి ముందే చెప్పాడు ఎలోడీకి. ఎలోడీ బడి తెరిచే రోజు దగ్గరికొచ్చింది, పది రోజుల్లో విమానం. తేలకుండా పోతే మళ్ళీ రానంది. నేనే అమ్మిన సరుకును నేనే వెనక్కి తీసుకోవాలి.

ఆ సాయంత్రం ఎలోడీని పక్కన కూర్చోబెట్టుకొని ఆ ఇంటిపేరు పుట్టుక మొత్తం మళ్ళీ చెప్పించుకున్నాను. అది మనిషి పేరు కాదు, జాగా పేరు. షాంత్ అంటే పాడుతుంది, గ్రెల్ అంటే కీచురాయి. కీచురాయి పాడే చోటు. అంటే రాళ్ళు, ఎండ, ముళ్ళకంప, పంట పండని చెలక. అక్కడ కీచురాళ్ళ చప్పుడు తప్ప ఇంకేం ఉండదు. అట్లాంటి చెలక ఏ కొండ ఊరికైనా ఒకటి ఉంటుంది. దాన్ని దున్నుకునే పేదవాడిని ఊరివాళ్ళు ఆ జాగా పేరుతోనే పిలిచేవారు, తర్వాత ఎవరో రాతగాడు పుస్తకంలో ఎక్కిస్తే అది ఇంటిపేరైపోయింది. ఎలోడీ వాళ్ళది ఒక కొండ, అన్న కాగితాల్లో ఉన్నది ఎన్నో రోజుల నడక దూరంలో ఇంకో కొండ. రెండూ ఎక్కడా కలవలేదు. "మొదటి రెండు వారాలు కలవాలని వెతికాను. తర్వాత మూడు వారాలు కలవొద్దని వెతికాను," అంది.

నేను ఇదంతా బాపమ్మ ముందు పరిచాను. గొంతు మార్చి, చేతులు తిప్పి, చింతల అనే ఇంటిపేరున్న వాళ్ళందరూ ఒక్క చింతచెట్టు కింద పుట్టలేదు గదా అని ఉపమానం కూడా చెప్పాను. బాపమ్మ మొత్తం విన్నది. విని, "మీ దుకాణంల గోడకు బోర్డు ఉంటది సూడు," అంది.

"ఏం బోర్డు?"

"అమ్మిన సరుకు వాపస్ తీసుకోబడదు. నువ్వే చెల్లె అని అమ్మినవ్. నేను ఇంట్లకు తెచ్చుకున్న. పో."

మరునాడు ఆమెకు తమ్ముడి వరసయ్యేవాళ్ళనెవరినో తెచ్చి చెప్పించాను. మర్సెల్ అన్న ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "ఒక్క ఇంటిపేరోళ్ళకు లగ్గమేంది," అంతే ఆమె మాట. కోపం లేదు, అరుపు లేదు. ఎప్పటిలాగే అన్నం వడ్డించింది. ఎలోడీకి ముద్ద పప్పులో నెయ్యి ఎక్కువే వేసింది. అది చూస్తే ఇంకా భయమేసింది నాకు. బేరంలో అరిచేవాళ్ళతో గెలవొచ్చు, నెయ్యి వేసి కాదనేవాళ్ళతో గెలవలేం.

శుక్రవారం వచ్చింది. ఎలోడీ పోయేది ఆదివారం. ఎప్పటిలాగే పెరట్లో పీట వేసుకొని కూర్చుంది. బాపమ్మ చింతపండు పిసుకుతోంది. ఎప్పుడూ బాపమ్మ తానే తోముకునే పెద్ద ఇత్తడి బిందె ఆ రోజు ఎలోడీ చేతికి వచ్చింది. దాని మీద ఉలితో చుక్కలు కొట్టిన పాతకాలపు పేరు. ఎలోడీ బొటనవేలితో ఒక్కొక్క అక్షరం తుడుస్తూ చదివింది. "కొ... త్త... ప... ల్లి. వీ... ర... య్య."

కొత్తపల్లి మా ఇంటిపేరు. ఆ బిందె మీద కొత్తపల్లి అని ఉండటం నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను, మా ఇంటిదే గదా అని ఇంకో మాట చదవలేదు. ఊరందరి పేర్లూ కొట్టేదాన్ని, మా ఇంట్లో బిందె చదవలేదు.

"ముత్తాత పేరు లింగయ్య గదా," అన్నాను. "వీరయ్య ఎవరు బాపమ్మా?"

బాపమ్మ చేతులు ఆగిపోయాయి.

"మా నాయిన," అంది.

"మీ నాయిన కొత్తపల్లోళ్ళెట్ల అయితడు?"

"ఎట్ల అయితడంటే అయిండు. మాది సిద్దిపేట దిక్కు కొత్తపల్లి. మీ తాతోళ్ళది జనగామ దిక్కు కొత్తపల్లి. కొత్తపల్లి లేని తాలూకా ఉన్నదా? గోత్రాలు వేరు. పంతులు మంచిగున్నదన్నడు, చేసిండ్రు."

మర్సెల్ అన్న అప్పుడే పెరటి గుమ్మంలోకి వచ్చాడు. నేను మాట్లాడబోతే చెయ్యెత్తి ఆపాడు. బాపమ్మ బిందె వైపే చూస్తూ చెప్పింది.

"పంతులుకు తెలుసు గోత్రం. వాడకట్టు ఆడోళ్ళకు తెలుసా? నీళ్ళకు బోరింగు కాడికి పోతే, అన్నను చేస్కున్నది వచ్చింది, జరుగుండ్రి అనేటోళ్ళు. మీ నాయిన పుట్టినంక గూడ అన్నరు. ఒక్కనాడు నేను తిరిగి ఒక్క మాట అనలే. పుట్టింటి పేరు చెప్పుడే బంద్ జేసిన. ఈ ఎల్లమ్మకు భాష రాదు, ఎవరేమన్న నవ్వుతది. నీకు తెలుస్తది గదరా. నువ్వు కుమిలిపోతవ్."

అన్న వచ్చి ఆమె ముందు కూర్చున్నాడు. చింతపండు చేతులు పట్టుకున్నాడు.

"నన్ను ఏమనలే బాపమ్మా ఈ వాడకట్టుల? కిరాయోళ్ళ పోరడన్నరు. ఏ కులపోన్ని ఇంట్ల పెట్టుకున్నవ్ అని నిన్ను అడిగిండ్రు. నాకు యాదున్నది. నువ్వు వాకిట్ల నిలవడి, మా పోరడు, ఎవరికేం నొప్పి అన్నవ్. ఆనాటి నుంచి ఎవ్వరన్న ఒక్క మాట అన్నరా? నా కోసం నిలవడ్డవ్. నీ కోసం ఎందుకు నిలవడలే?"

ఎలోడీకి సగమే అర్థమైంది, అయినా కండ్లు తుడుచుకుంది, చింతపండు పడి ఇంకా మండింది. దాంతో బాపమ్మ లేచి నీళ్ళు తెచ్చి ఆమె మొహం కడిగింది. కడుగుతూ కడుగుతూ, మా ఎవరి వైపూ చూడకుండా, "వీళ్ళ బడికి మళ్ళ సెలవులెప్పుడంట?" అంది.

నా ఒళ్ళంతా చెవులైంది. బేరం మొదలైందంటే సరుకు పోయినట్టే. "క్రిస్మస్‌కు," అన్నాను.

"అప్పుడు ధనుర్మాసం. ముహూర్తాలుండయ్."

"వాళ్ళకు ముహూర్తాలు లేవు బాపమ్మా."

"నాకున్నయ్."

ఎలోడీని అడిగితే ఫిబ్రవరిలో కూడా పది పదిహేను రోజులు బడికి సెలవంది. బాపమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టి మాఘమాసం అంది. చర్చిలో ప్రమాణాలు, మా ఇంటి ముందు షామియానా. కొత్త చీర తాను తెస్తుంది. చెప్పుల దగ్గర నుంచి పప్పు దాకా ఎవరూ ఆమె మాటకు అడ్డం రాకూడదు. నేను నాలుగు విషయాలు బేరమాడబోయి నాలుగూ ఓడిపోయాను. నా జీవితంలో అంత సంతోషంగా ఓడిన బేరం ఇంకొకటి లేదు.

ఇప్పుడు నోటుబుక్కుతో పని లేదు, మిషన్ పాడైతే బాగుచేయించలేదు. గిన్నెల మీద పేర్లు కొట్టించుకునేవాళ్ళు లేరు. పెండ్లి సామాను ఫోన్లో ఆర్డరిస్తే అట్టపెట్టెలో వస్తుంది, ఎవరిచ్చారో పెట్టె పారేస్తే పోతుంది. ఇంటిపేరు అంటే ఇప్పుడు ఫారాల్లో చివర రాసే మాట. అప్పట్లో దాన్ని బట్టి మనిషి మనవాడా కాదా, అన్నా బావా తేల్చేవారు. అది పోవడం మంచిదే అనుకుంటాను. కాని బిందె మీద చుక్కలు చదివి ఒక ఆడమనిషి కథ బయటికి రావడం కూడా దాంతోనే పోయింది. అశోక్‌నగర్‌లో రెండు గదుల ఇంట్లో మర్సెల్ అన్నా ఎలోడీ ఉంటారు. ఆమె ఇక్కడి పిల్లలకు ఫ్రెంచి చెప్తుంది. ఇద్దరు ఆడపిల్లలు. లోకంలో ఆ పేరు తగ్గుతూ పోతున్నా, హైదరాబాదులో మాత్రం ఒకటి నాలుగైంది.

ఆ మాఘమాసం పెండ్లి గురించి ఒక్కటి చెప్పి ఆపుతాను. చర్చి నుంచి వచ్చాక షామియానా కింద భోజనాలు. బాపమ్మ పట్టుచీర కొంగు నడుముకు దోపి లడ్డూల గంప తానే పట్టుకుంది. వాడకట్టులో ఆమె ఈడుది సత్తెమ్మ, బోరింగు కాలం మనిషి, విస్తరి ముందు కూర్చొని నలుగురికీ వినబడేట్టు బాపమ్మను అడిగింది. "ఏందే లక్ష్మీ, పిల్లది పిల్లగానిది ఒక్కటే ఇంటిపేరట గదనే?"

పక్కన నీళ్ళు పోస్తున్న నేను చెంబు కింద పెట్టాను. మర్సెల్ అన్న దూరం నుంచి లేచి నిలబడ్డాడు.

బాపమ్మ గంప చంకలో సర్దుకుంది. "అవునే. నాది మా ఆయనది గూడ ఒక్కటే ఇంటిపేరు, యాదికి లేదా? కొత్తపల్లి వీరయ్య బిడ్డను నేను," అంది, ఆ సందు మొత్తానికి వినబడేట్టు. "మంచిగనే బతికినం. నోరు తెరిచినవ్ గదా, మూయకు. లడ్డు వెడ్త."

ఒకటి కాదు, రెండు పెట్టింది.